జర్మనీలో విదేశీయుల నివాస స్థాపన

ఉద్యోగానికో, చదువుకో, కుటుంబంతో కలిసి ఉండడానికో జర్మనీకి వచ్చిన విదేశీయుడు అక్కడ చట్టబద్ధ నివాసిగా కుదురుకునే వరకు పూర్తిచేయవలసిన పనులు ఈ వ్యాస విషయం. వీసా, చిరునామా నమోదు, అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, పన్ను సంఖ్య, ఆరోగ్య బీమా, నివాస అనుమతి, భాష, పిల్లల బడి దీని పరిధిలోకి వస్తాయి. తొంభై రోజుల లోపు షెంగెన్ వీసాతో వచ్చే పర్యాటకులకు ఇవి వర్తించవు. ఐరోపా సమాఖ్య పౌరులకు వీసా, నివాస అనుమతి అక్కర్లేదు గానీ మిగతా పనులు వారికీ తప్పవు.

విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ పెద్ద కష్టం కాదు. చిక్కంతా అవి ఒకదానికొకటి ముడిపడి ఉండడంలోనే ఉంది. ఇల్లు ఇవ్వడానికి యజమాని జీతం చీటీ అడుగుతాడు. జీతం పడడానికి బ్యాంకు ఖాతా కావాలి. ఖాతా తెరవడానికి చాలా బ్యాంకులు నమోదైన చిరునామా అడుగుతాయి. చిరునామా నమోదు కావాలంటే ఇల్లు ఉండాలి. కొత్తవారు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. అందుకే కింది విభాగాలు దాదాపు ఆ పనులు జరిగే వరుసలోనే ఉన్నాయి.

చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం తరువాత పశ్చిమ జర్మనీ కార్మికుల కొరత తీర్చుకోవడానికి 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుంది. అలా వచ్చినవారిని గాస్ట్‌ఆర్బైటర్, అంటే అతిథి కార్మికులు అన్నారు. కొన్నేళ్లు పనిచేసి వెళ్లిపోతారన్న అంచనాతో వారికి భాష నేర్పే ఏర్పాట్లు గానీ స్థిరపడే మార్గాలు గానీ ప్రభుత్వం పెద్దగా చేయలేదు. 1973లో చమురు సంక్షోభం వేళ ఈ నియామకాలు ఆగిపోయాయి. వచ్చినవారిలో లక్షలమంది అక్కడే ఉండిపోయారు. ఆనాటి ఉపేక్ష ఫలితం తరువాతి తరాల చదువుల మీద, ఉద్యోగాల మీద చాలాకాలం కనిపించింది. నేటి నిబంధనల్లో భాషకు ఇచ్చే ప్రాధాన్యానికి మూలం ఆ అనుభవమే.

2000 ఆగస్టులో కంప్యూటర్ నిపుణుల కోసం గ్రీన్ కార్డ్ పథకం వచ్చింది. దాని పరిమితి 20,000 మంది. భారతీయ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు జర్మనీ దారి తెరుచుకున్నది దీనితోనే. 2005 జనవరి 1న నివాస చట్టం అమలులోకి వచ్చి, భాషా శిక్షణను తొలిసారి జాతీయ స్థాయి కార్యక్రమం చేసింది. 2012లో ఐరోపా సమాఖ్య బ్లూ కార్డ్, 2020 మార్చిలో నిపుణ కార్మికుల వలస చట్టం వచ్చాయి. 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు ఈ చట్టాన్ని దశలవారీగా సడలించారు.

భారతదేశంతో వలస, రాకపోకల భాగస్వామ్య ఒప్పందం 2022 డిసెంబరులో కుదిరింది. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాల సంఖ్యను 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించింది. విద్యార్థుల విషయానికి వస్తే, 2022–23 శీతాకాల సెమిస్టరు నాటికి జర్మన్ విశ్వవిద్యాలయాల విదేశీ విద్యార్థుల్లో భారతీయులు చైనావారిని దాటి మొదటి స్థానానికి వచ్చారు. 2023–24లో వారి సంఖ్య 49 వేలు దాటింది.

వలస మార్గాలు

పట్టభద్రులైన ఉద్యోగులకు ప్రధాన మార్గం బ్లూ కార్డ్. ఉద్యోగ ఒప్పందంతో పాటు ఏటా సవరించే కనీస జీతం దీనికి షరతు. 2025లో అది సంవత్సరానికి 48,300 యూరోలు. కొరత ఉన్న వృత్తులకు, కొత్త పట్టభద్రులకు సుమారు 43,760 యూరోలు. పట్టా లేకున్నా తగిన అనుభవమున్న ఐటీ నిపుణులకు 2023 సవరణ తరువాత అవకాశం కలిగింది.

విద్యార్థి వీసాకు విశ్వవిద్యాలయ ప్రవేశంతో పాటు ఒక ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపాలి. సాధారణంగా దీన్ని ష్పెర్‌కొంటో అనే బ్లాక్డ్ అకౌంట్‌లో వేస్తారు. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. జర్మనీ చేరాక నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే తీసుకోవచ్చు. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. మ్యూనిక్ వంటి నగరాల్లో గది అద్దె పోగా 992 యూరోల్లో మిగిలేది చాలా తక్కువ. నగరాన్ని ఎంచుకునేటప్పుడు కోర్సుతో సమానంగా లెక్కలోకి తీసుకోవలసిన విషయమిది.

2024 జూన్ 1న మొదలైన ఛాన్సెన్‌కార్టె, అంటే అవకాశ కార్డు, ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది వరకు ఉండనిస్తుంది. చదువు, అనుభవం, వయసు, భాషలకు ఇచ్చే పాయింట్లలో కనీసం ఆరు రావాలి. వైద్యులు, నర్సుల వంటి నియంత్రిత వృత్తులవారికి డిగ్రీ గుర్తింపు, వృత్తి లైసెన్సు ఉంటే తప్ప పూర్తిస్థాయి ఉద్యోగం లేదు. ఇతర డిగ్రీల విలువను అనాబిన్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో చూడవచ్చు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమాలు చేపట్టింది.

ప్రయాణానికి ముందు పత్రాలు

విద్యార్థి వీసాకు భారతీయులు 2022 నవంబరు 1 నుంచి ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరిగా జతచేయాలి. మార్కుల జాబితాలు, పట్టాలు అసలైనవేనని అది నిర్ధారిస్తుంది.

జనన, వివాహ పత్రాల విషయంలో ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఒక దేశపు పత్రాలను మరో దేశం సులభంగా గుర్తించడానికి ఉన్న అపోస్టిల్ ఒప్పందంలో భారతదేశం చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం తెలిపింది. కాబట్టి అపోస్టిల్ ముద్ర వేయించుకున్నంత మాత్రాన భారతీయ పత్రాలు అక్కడ చెల్లవు. జర్మన్ కార్యాలయానికి అనుమానం వస్తే రాయబార కార్యాలయం ద్వారా విచారణ జరిపిస్తుంది. దానికి నెలలు పడుతుంది. పెళ్లి నమోదు, పిల్లల జనన నమోదు ఆలస్యమవడానికి ఇదొక కారణం.

తెలుగువారికి పేరు కూడా ఒక సమస్యే. జర్మన్ దరఖాస్తుల్లో కుటుంబ నామానికి, వ్యక్తి పేరుకు రెండు వేర్వేరు గడులుంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా అంతా ఒకే గడిలో ఉంటే ఒక కార్యాలయం ఒక రకంగా, మరో కార్యాలయం మరో రకంగా విడగొట్టి రాసుకుంటాయి. ఆరోగ్య కార్డు మీద ఒక పేరు, బ్యాంకు కార్డు మీద మరో పేరు వస్తాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉండడం ఇంకో చిక్కు. బయలుదేరక ముందే పాస్‌పోర్టులో రెండు గడులూ సరిచేయించుకుంటే తరువాత చాలా ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి.

చిరునామా నమోదు

జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా నగరపాలక సంస్థ పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు, కార్యాలయాన్ని బ్యుర్గర్‌ఆమ్ట్ అంటారు. జర్మన్ పౌరులకు కూడా ఇదే నియమం. 2015 నవంబరు 1న అమలులోకి వచ్చిన సమాఖ్య నమోదు చట్టం దీనికి ఆధారం. ఆలస్యానికి 1,000 యూరోల వరకు జరిమానా వేయవచ్చు. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది. అందుకే బుక్ చేసిన రుజువును దగ్గర పెట్టుకుంటారు.

పాస్‌పోర్టు, దరఖాస్తుతో పాటు ఇంటి యజమాని సంతకం చేసిన నివాస ధ్రువీకరణ ఇవ్వాలి. అద్దె ఒప్పందం దీనికి బదులు కాదు. తాత్కాలిక గదులు, హోటళ్లు ఇచ్చే చాలామంది ఈ కాగితం ఇవ్వరు. కాబట్టి తొలి బస కుదుర్చుకునేటప్పుడే నమోదుకు వీలుందా అని అడిగి తెలుసుకోవాలి. ఉండని ఇంటికి డబ్బు తీసుకుని ధ్రువీకరణ ఇచ్చేవారూ ఉన్నారు. చిరునామాను ఇలా ఇవ్వడం చట్టవిరుద్ధం; జరిమానా 50,000 యూరోల వరకు ఉండవచ్చు.

దరఖాస్తులో మతం గడి ఉంటుంది. కేథలిక్ లేదా ఎవాంజెలికల్ చర్చి సభ్యులుగా నమోదైనవారి జీతం నుంచి చర్చి పన్ను కోస్తారు. ఇది ఆదాయపు పన్నులో బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. ఈ విషయం తెలిసి ఆ గడి నింపడం మంచిది.

నమోదు పది నిమిషాల్లో అయిపోతుంది. ధ్రువపత్రం అక్కడికక్కడే చేతికిస్తారు. ఆ తరువాత కొన్ని వారాల్లో 11 అంకెల పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వస్తుంది. ఇక్కడ గమనించవలసింది ఉత్తరాల పెట్టె. జర్మన్ అపార్ట్‌మెంట్ చిరునామాల్లో సాధారణంగా ఫ్లాట్ నంబరు ఉండదు. వీధి, భవనం సంఖ్య మాత్రమే ఉంటాయి. పోస్టుమాన్ పెట్టె మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే పన్ను సంఖ్య, బ్యాంకు పిన్, బీమా కార్డు వెనక్కి వెళ్లిపోతాయి. ఇంటి తాళాలు అందిన రోజే గంట మీటకూ ఉత్తరాల పెట్టెకూ పేరు అతికించాలి. ఇతరుల ఇంట్లో గది తీసుకున్నవారు తమ పేరును ప్రధాన అద్దెదారు పేరు పక్కన చేర్చమని అడగాలి.

అద్దె ఇల్లు

విదేశీయులకు అత్యంత కఠినమైన ఘట్టం ఇది. బెర్లిన్, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, హాంబర్గ్ నగరాల్లో ఒక్కో ఇంటికి వందల దరఖాస్తులు రావడం సాధారణం. ప్రకటనల్లో రెండు అద్దెలు కనిపిస్తాయి. కాల్ట్‌మీటె అంటే ఇంటి అద్దె మాత్రమే. వార్మ్‌మీటెలో హీటింగ్, నీరు, చెత్త తరలింపు వంటి ఖర్చులకు నెలవారీ అడ్వాన్సు కలిసి ఉంటుంది. కరెంటు, ఇంటర్నెట్ చాలావరకు విడిగా కట్టుకోవాలి. ఏడాది చివర అసలు ఖర్చు లెక్కగట్టి, ఎక్కువైతే వసూలు చేస్తారు, మిగిలితే తిరిగి ఇస్తారు. తొలి శీతాకాలం తరువాత వచ్చే ఈ లెక్క చాలామందికి ఊహించని భారం అవుతుంది.

యజమానులు గత మూడు నెలల జీతం చీటీలు, పాత ఇంట్లో బకాయి లేదన్న కాగితం, షూఫా అనే రుణ చరిత్ర నివేదిక అడుగుతారు. కొత్తగా వచ్చినవారికి షూఫాలో చరిత్రే ఉండదు. ఉద్యోగ ఒప్పందం, కంపెనీ లేఖ, జర్మనీలో ఉన్నవారి హామీ దానికి ప్రత్యామ్నాయాలు. విద్యార్థులకు ష్టుడీరెండెన్‌వెర్క్ సంస్థల హాస్టళ్లు చవక. అయితే ప్రవేశం ఖాయమైన వెంటనే దరఖాస్తు పెట్టాలి. వేగే అని పిలిచే ఉమ్మడి ఫ్లాట్లలో ఒక గది తీసుకుని, అక్కడ నమోదై, తీరికగా సొంత ఇల్లు వెతుక్కోవడం పైన చెప్పిన ముడిని విప్పే దారుల్లో అన్నిటికంటే నమ్మదగినది.

డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టం ఇస్తుంది. 2015 జూన్ నుంచి బ్రోకరును పెట్టుకున్నవారే అతని రుసుము ఇవ్వాలి. కాలపరిమితి లేని ఒప్పందంలో అద్దెదారు ఖాళీ చేయడానికి మూడు నెలల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి.

చాలా ఇళ్లు వంటగది సామాను లేకుండా ఇస్తారు. గోడకు నీటి గొట్టం, పొయ్యి కరెంటు తీగ మాత్రమే కనిపిస్తాయి. సింకు, అరలు, పొయ్యి, ఒక్కోసారి దీపాలు కూడా అద్దెదారు కొనుక్కోవాలి. లేదా ఖాళీ చేసేవారి దగ్గర ధర కుదుర్చుకోవాలి. తాళాలు తీసుకునే రోజున యజమానితో కలిసి అప్పగింత పత్రం రాస్తారు. గోడ మీద మరక, నేల మీద గీత, మీటర్ల అంకెలు, తాళాల సంఖ్య అందులో ఎక్కాలి. రాయని లోపం అద్దెదారు చేసినదిగానే లెక్కవుతుంది, డిపాజిట్‌లో కోత పడుతుంది. శీతాకాలంలో రోజూ కొన్ని నిమిషాలు కిటికీలు బార్లా తెరిచి గాలి ఆడనివ్వకపోతే వంట ఆవిరితో గోడలకు బూజు పడుతుంది. డిపాజిట్ తగాదాలు ఎక్కువగా దీని మీదే వస్తాయి.

ఇల్లు చూపించకముందే, తాను వేరే దేశంలో ఉన్నానని, తాళాలు కొరియర్‌లో పంపిస్తానని డిపాజిట్ అడిగేవారు మోసగాళ్లు. స్వదేశం నుంచే ఇల్లు వెతికే విద్యార్థులే ఎక్కువగా ఈ వలలో పడతారు. అద్దె వివాదాల్లో మీటర్‌ఫెరైన్ అనే అద్దెదారుల సంఘాలు వార్షిక చందాతో న్యాయ సలహా ఇస్తాయి.

బ్యాంకు, జీతం, పన్ను

రోజువారీ లావాదేవీలకు జీరోకొంటో అనే ఖాతా వాడతారు. చట్టబద్ధంగా ఐరోపా సమాఖ్యలో నివసించే ఎవరికైనా ప్రాథమిక ఖాతా పొందే హక్కు 2016 జూన్ నుంచి ఉంది. ఏ సమాఖ్య దేశపు ఐబాన్ అనే ఖాతా సంఖ్యతోనైనా జీతం, అద్దె చెల్లింపులు జరగాలన్నది నియమం.

జీతం నుంచి ఆదాయపు పన్నుతో పాటు పింఛను, ఆరోగ్యం, నిరుద్యోగం, వృద్ధాప్య సంరక్షణ బీమాల చందాలు కోస్తారు. పింఛను చందా జీతంలో 18.6 శాతం, అందులో సగం యజమానిది. పన్ను తరగతులు ఆరు. ఒంటరివారికి ఒకటో తరగతి. దంపతులు నాలుగు–నాలుగు లేదా మూడు–అయిదు ఎంచుకోవచ్చు. పన్ను సంఖ్య అందనివారికి ఎక్కువ కోత ఉండే ఆరో తరగతి వర్తించే అవకాశం ఉంది. అలా ఎక్కువ కోసినది తరువాత సర్దుబాటవుతుంది.

ఆరోగ్య బీమా

బిస్మార్క్ ప్రభుత్వం 1883లో కార్మికులకు తెచ్చిన ఆరోగ్య బీమా ఈ వ్యవస్థకు మూలం. నేడు బీమా లేకుండా నివాసం లేదు. చట్టబద్ధ బీమాలో చందా జీతంలో 14.6 శాతం, సంస్థను బట్టి అదనపు చందా ఉంటుంది, రెండింటిలోనూ యజమాని సగం భరిస్తాడు. ఆదాయం లేని భార్య లేదా భర్త, పిల్లలు అదే చందాపై ఉచితంగా సభ్యులవుతారు. జీతం ఒక పరిమితి (2025లో ఏడాదికి 73,800 యూరోలు) దాటిన ఉద్యోగులు ప్రైవేటు బీమా ఎంచుకోవచ్చు. యువకులకు అది చవకగా కనిపిస్తుంది. వయసు పెరిగాక చందా పెరుగుతుంది, 55 ఏళ్ల తరువాత చట్టబద్ధ బీమాకు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. విద్యార్థుల రాయితీ చందా 30 ఏళ్ల వరకే. చట్టబద్ధ బీమా వద్దని మినహాయింపు తీసుకున్న విద్యార్థి ఆ చదువు పూర్తయ్యేదాకా మనసు మార్చుకోలేడు.

సాధారణ అనారోగ్యానికి మొదట హౌస్‌ఆర్ట్స్ట్ అనే కుటుంబ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. క్లినిక్ మూసిన వేళల్లో 116117, ప్రాణాపాయంలో 112కు ఫోన్ చేయాలి. ఉద్యోగి మూడు రోజులకు మించి జబ్బుపడితే నాలుగో రోజుకల్లా వైద్యుడి ధ్రువీకరణ కావాలి. ఆరు వారాల వరకు యజమాని పూర్తి జీతం ఇస్తాడు.

నివాస అనుమతి

వీసా కొన్ని నెలలకే చెల్లుతుంది. అది ముగియకముందే ఔస్‌లెండర్‌బెహోర్డె అనే విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. వేలిముద్రలు తీసుకుని చిప్ ఉన్న కార్డు ఇస్తారు. గడువులోగా దరఖాస్తు చేసి కార్డు అందనివారికి ఫిక్‌సియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం ఇస్తారు. అందులో రకాలున్నాయి. పాత అనుమతి కొనసాగుతోందని చెప్పే రకంతో స్వదేశానికి వెళ్లి తిరిగి రావచ్చు. కేవలం ఉండనిచ్చే రకంతో వెళితే తిరిగి రాలేరు. ఇంట్లో పెళ్లికో చావుకో హఠాత్తుగా బయలుదేరేవారు ముందుగా ఈ పత్రంలో ఏ గడికి టిక్కు ఉందో చూసుకోవాలి. ఉద్యోగం పోయినా, బ్లూ కార్డ్ తొలి 12 నెలల్లో ఉద్యోగం మారినా కార్యాలయానికి తెలియజేయాలి.

భాష

బెర్లిన్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. ప్రభుత్వ కార్యాలయాల అధికార భాష మాత్రం చట్టప్రకారం జర్మన్. ఉద్యోగం కోసం భాష అక్కర్లేనివారికీ ఉత్తరాలు చదవడానికి, బడి సమావేశాలకు, వైద్యుడికి నొప్పి వివరించడానికి అది కావాలి. భాషా స్థాయిలను ఎ1 నుంచి సి2 వరకు ఆరుగా లెక్కిస్తారు. విదేశీయుల కోసం ఉన్న సమన్వయ కోర్సులో సాధారణంగా 600 గంటల భాష, 100 గంటల సమాజ పరిచయం ఉంటాయి. హైదరాబాదులో గోథె కేంద్రం జర్మన్ భాషా తరగతులు, పరీక్షలు నిర్వహిస్తోంది.

కుటుంబం, పిల్లలు

జీవిత భాగస్వామి వీసాకు సాధారణంగా ఎ1 స్థాయి జర్మన్ కావాలి. బ్లూ కార్డ్ ఉన్నవారి భాగస్వాములకు ఈ షరతు లేదు. భాగస్వామికి పనిచేసే హక్కు ఉంది. ఏడాది నిండిన బిడ్డకు శిశు సంరక్షణ కేంద్రంలో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి ఉన్నా, నగరాల్లో చోటు దొరకడం ఆలస్యమవుతుంది. బడికి పంపడం చట్టరీత్యా తప్పనిసరి. ఇంట్లోనే చదివించడం కుదరదు. ప్రభుత్వ బడులకు ఫీజు లేదు. పిల్లల భత్యం కిండర్‌గెల్డ్ 2025లో ఒక్కొక్కరికి నెలకు 255 యూరోలు.

రోజువారీ నియమాలు

ప్రతి ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము ఉంది. టీవీ లేకపోయినా కట్టాలి. చిరునామా నమోదైన కొంతకాలానికే నోటీసు వస్తుంది. ఒకే ఇంట్లో ఉన్నవారిలో ఒకరు కడితే చాలు.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలి. చెత్తను కాగితం, ప్యాకింగ్, ఆహార వ్యర్థం, మిగతావి అని వేరుచేయాలి. ఒకసారి వాడే సీసాలు, డబ్బాలపై 25 సెంట్ల డిపాజిట్ దుకాణంలో తిరిగిస్తారు. స్థానిక రైళ్లు, బస్సులన్నిటికీ చెల్లే డాయిష్‌లాండ్ టికెట్ 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలై 2025లో 58 యూరోలైంది. టికెట్ లేకుండా పట్టుబడితే 60 యూరోలు కట్టాలి.

భారతీయ డ్రైవింగ్ లైసెన్సు నివాసం ఏర్పడిన ఆరు నెలల వరకే చెల్లుతుంది. తరువాత రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి.

శాశ్వత నివాసం, పౌరసత్వం

బ్లూ కార్డ్ ఉన్నవారు బి1 భాషతో 21 నెలలకు, ఎ1తో 27 నెలలకు శాశ్వత నివాసం కోరవచ్చు. 2024 జూన్ 27 నుంచి పౌరసత్వానికి కావలసిన నివాసకాలం ఎనిమిదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గింది. ద్వంద్వ పౌరసత్వాన్ని జర్మనీ అనుమతించింది. అయితే భారత చట్టం దాన్ని ఒప్పుకోదు. జర్మన్ పౌరసత్వం తీసుకున్న భారతీయుడు భారత పౌరసత్వం కోల్పోతాడు. భారత పాస్‌పోర్టు అప్పగించి, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. స్వగ్రామంలో వ్యవసాయ భూమి కొనే హక్కు, ఓటు హక్కు ఆ కార్డుతో రావు. అందుకే చాలామంది శాశ్వత నివాసం దగ్గరే ఆగుతారు.

దేశం విడిచి వెళ్లేటప్పుడు

జర్మనీలోనే ఇల్లు మారితే కొత్త చోట నమోదైతే చాలు. దేశం విడిచి వెళ్లేవారు మాత్రం ఇల్లు ఖాళీ చేయడానికి వారం ముందు నుంచి, ఖాళీ చేసిన రెండు వారాల్లోగా, ఆప్‌మెల్డుంగ్ అనే నమోదు రద్దు చేయించుకోవాలి. ప్రసార రుసుము, బీమా ఆపడానికి ఈ కాగితమే ఆధారం. రద్దు చేయకపోతే రుసుముల బాకీ పెరుగుతూ పోతుంది. ఇక కట్టిన పింఛను చందా విషయానికి వస్తే, భారత–జర్మనీ సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే 1న అమలులోకి వచ్చింది. పింఛను అర్హతకు కావలసిన ఐదేళ్ల లెక్కలో రెండు దేశాల చందా కాలాలనూ కలిపి చూస్తారు.